కిట్లు పంచిన కాన్వెంటు ఫీజు తగ్గించనక్కర్లేదా?

శ్రీను_కేఆర్‌పురం:
మా పాప ఏడో తరగతి, బెంగళూరులో క్రైస్తవ సిస్టర్లు నడిపే కాన్వెంటులో. బడి పేరు రాయను. 2020 లాక్‌డౌన్‌లో బియ్యం, కందిపప్పు, నూనె కిట్లు పంచారు, కాదనను. ఫీజు మాత్రం రూపాయి తగ్గలేదు. 2021 జనవరి 29న కర్ణాటక సర్కారు ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోమంది. సంగతి కోర్టులో ఉందని బడివాళ్ళన్నారు. 2021 సెప్టెంబరు 16న హైకోర్టు 15 శాతం తగ్గించాలని తేల్చింది. ఇప్పుడేమో 'వచ్చే ఏడు చూద్దాం' అంటున్నారు. ఇది న్యాయమేనా?

సుజాత_టీచర్:
నేనూ ఇలాంటి బడిలోనే చెబుతున్నా, మీది కాదు. అన్‌ఎయిడెడ్ బడిలో జీతాలు సర్కారు ఇవ్వదండీ, మీరు కట్టే ఫీజే మా జీతం. 2020 జూన్ నుంచి నాకు సగమే వస్తోంది. పని మాత్రం సగం కాలేదు. చాలా ఇళ్ళల్లో ఫోన్ ఒక్కటే, అది తండ్రి చేతిలో ఉంటుంది. ఆయన డ్యూటీ దిగి రాత్రి తొమ్మిదికొస్తే, అప్పుడు పిల్లాడు లెక్కల నోట్సు ఫోటో తీసి పంపేవాడు. మసగ్గా వచ్చింది, మళ్ళీ తియ్యి నాన్నా అనేలోపు చార్జింగ్ అయిపోయేది. కదిరి, మదనపల్లె వెళ్ళిపోయిన వాళ్ళకి ఫోన్ చేసి, 'టీసీ తీసుకోకండి, ఫీజు తర్వాత చూద్దాం' అని సిస్టర్ మా చేతే చెప్పించారు. ఇది సాయం కాదా?

రమణ_బీటీఎం:
70 శాతం ప్రకారం ముందే కట్టినవాళ్ళు ఇప్పుడు 85కి తక్కువైన ఆ 15 శాతం కట్టాలా? అది చెప్పండి ఎవరైనా.

వెంకట్_హెబ్బాళ్:
మైనారిటీ బడికి విద్యాహక్కు చట్టమే వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ళిష్టం.

శ్రీను_కేఆర్‌పురం:
అది పేదపిల్లలకి ఉచితంగా ఇవ్వాల్సిన 25 శాతం సీట్ల గొడవ వెంకట్ గారూ, ఫీజుకీ దానికీ లంకె లేదు. టీచర్ గారూ, మీ సిస్టర్ టీసీ వద్దన్నారు. మా దగ్గర రెండో టర్మ్ కట్టలేదని పాపని వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. పొద్దున్నే యూనిఫాం వేసుకుని కూర్చుంది, లింకు రాలేదు. ఫీజు కట్టలేదని ఆన్‌లైన్ క్లాసు ఆపకూడదని సుప్రీంకోర్టు 2021 మే 3న రాజస్థాన్ బడుల కేసులో చెప్పింది. మాకు జరిగింది అంతకుముందు. అయితే మాత్రం?

సుజాత_టీచర్:
గ్రూపులోంచి తియ్యడం తప్పే. కానీ కారు ఈఎమ్ఐ కడుతూ ఫీజు ఆపినవాళ్ళని చాలామందిని చూశాను.

శ్రీను_కేఆర్‌పురం:
మాట జాగ్రత్త మేడం. ఔటర్ రింగ్ రోడ్డు ఐటీ కంపెనీలకి రెండు బండ్లు పెట్టుకుని బతికేవాణ్ణి. వర్క్ ఫ్రం హోం అన్న రోజు నుంచి రెండూ ఇంటిముందే. ఈఎమ్ఐ కట్టకపోతే బండి ఎత్తుకుపోతారు, ఆ తర్వాత ఫీజు దేంతో కట్టను? ఉచితంగా చెప్పమనలేదు, నెలకింత కడతానన్నాను. 'అలాంటి పద్ధతి లేదు, సాయం లిస్టులో పేరు రాయించుకోండి' అన్నారు. ఆ లిస్టువాళ్ళని గేటు దగ్గర వరసలో నిలబెట్టి, కిట్ చేతికిచ్చి ఫోటో తీశారు. అందులో నా కూతురి క్లాస్‌మేట్లున్నారు. నాకు గడువు కావాలి, కిట్ కాదు.

మరియ_కమ్మనహళ్లి:
మాది గుంటూరు వైపు, ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, పేదలకి సాయం చేసే విన్సెంట్ డీ పాల్ సభవాళ్ళు ఇంటికెళ్ళి ఇచ్చొస్తారు, ఎవరికిచ్చారో బయటికి పొక్కనివ్వరు. ఆ ఫోటోలు చూసి నాకూ బాధేసింది. ఇంకోటి, సిస్టర్ల సభ బడి వేరు, బిషప్ గారి కిందుండే మేత్రాసనం బడి వేరు. బిషప్ గారికి రాసినా సిస్టర్ల లెక్కలు మీకు రావు.

రమణ_బీటీఎం:
నా 15 శాతం సంగతి?

సుజాత_టీచర్:
శ్రీను గారూ, అలాంటి వరసల్లో టీచర్లు కూడా నిలబడ్డారు. మా బడిలో నేను నిలబడ్డాను. పన్నెండేళ్ళ సర్వీసుకి ఐదు కిలోల బియ్యం. నాకూ కిట్ వద్దు, జీతం కావాలి. మీలాంటివాళ్ళకి గడువిస్తే అది నాలాంటి టీచర్ల జీతంలోంచే పోతుంది, అందుకే నాకు మీ మీద కోపం.

శ్రీను_కేఆర్‌పురం:
మీ జీతంలోంచే ఎందుకు పోవాలి? పాత ఏళ్ళ మిగులు లేదా? కొత్త బ్లాకు కట్టడం కరోనాలో కూడా ఆగలేదు మా దగ్గర. లెక్క చూపించమనండి. ఫీజంతా టీచర్లకే పోయిందని తేలితే 15 శాతం కూడా వదులుకుంటాను.

సుజాత_టీచర్:
మాకే జీతం స్లిప్పు ఇవ్వరు, లెక్కలెవరు చూపిస్తారు? పేరెంట్స్ అడగండి. మేమడిగితే మర్నాడు ఉద్యోగం ఉండదు.