రాయగడలో ఉంటున్నాం, పాత ఈకో వ్యాన్ కొనబోతున్నాం: ఏమేం చూసుకోవాలి?

రాయగడ కోడలు:

అందరికీ నమస్కారం. మా పుట్టిల్లు పార్వతీపురం పక్క పల్లె. పెళ్ళయి వచ్చి పన్నెండేళ్ళుగా రాయగడలో ఉంటున్నాను. మాది రెడీమేడ్ బట్టల వ్యాపారం. బుధవారం చాటికొన సంత, మిగతా రోజుల్లో మునిగుడ, బిసంకటక్ వైపు వెళ్తాం. ఇన్నాళ్ళూ ఆటో మాట్లాడుకుని మూటలు వేసుకెళ్ళేవాళ్ళం. వచ్చిన లాభంలో పెద్ద భాగం ఆ కిరాయికే పోతోంది. పోయిన వానాకాలంలో రెండు మూటలు తడిసి బూజు పట్టాయి. పైగా మా అత్తగారిని మోకాళ్ళ నొప్పులకి నెలనెలా విజయనగరం తీసుకెళ్ళాలి. ఆవిడ బస్సు మెట్లు ఎక్కలేకపోతున్నారు.

పార్వతీపురంలో ఒకరి దగ్గర మారుతి ఈకో అమ్మకానికి ఉంది. పెట్రోలు, ఐదు సీట్లు, ఏసీ. ఆర్సీలో తయారీ నెల 2021 ఆగస్టు అని ఉంది, రిజిస్ట్రేషన్ అయింది అక్టోబరులో. మీటరు 61 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. నంబరు ఏపీ 39. చెబుతున్న ధర 3 లక్షల 90 వేలు. మా ఆయన మనసేమో అదే ధరకి వస్తున్న 2008 ఇన్నోవా డీజిల్ మీద ఉంది.

నాకు బండ్ల గురించి ఏమీ తెలీదు. పుస్తెలతాడు తప్ప మిగతా బంగారం తాకట్టు పెట్టి తీసుకుంటున్నాం, అందుకే ఇంత భయం. ఇలాంటి వ్యాన్లలో మామూలుగా ఏమేం పాడవుతాయి? కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేసిన లోపాలేమైనా ఉన్నాయా? ఆంధ్రా బండిని ఒడిశాకి మార్చుకోవడం కష్టమా?


సిమిలిగుడ మేస్త్రి:

అమ్మా, సిమిలిగుడలో నాకు మెకానిక్ షెడ్డు ఉంది, పంతొమ్మిదేళ్ళయింది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి వచ్చిన బండ్లలో పొగలు కక్కేవి, కాలిన వాసన కొట్టేవి ముందుగా మా షెడ్డు దగ్గరే ఆగుతాయి. కాబట్టి నేను చెప్పేదంతా చేత్తో విప్పి చూసిందే.

మీరు తయారీ నెల చూసి రాశారు. చాలా మంచి పని చేశారు. రీకాల్ (కంపెనీ బండ్లని వెనక్కి పిలిచి బాగుచేయడం) అనేది బండి ఎప్పుడు తయారయిందన్న దాన్నిబట్టి ఉంటుంది, రిజిస్ట్రేషన్ తేదీని బట్టి కాదు. 2021 ఆగస్టు అంటే ఆ బండి రెండు రీకాళ్ళ పరిధిలోకీ వస్తుంది.

మొదటిది చిన్నది. 2021 జూలై 19 నుంచి అక్టోబరు 5 మధ్య తయారైన 19,731 ఈకోల్లో చక్రం రిమ్ము మీద సైజు తప్పుగా అచ్చు పడిందని 2022 ఏప్రిల్‌లో ప్రకటించారు. దానివల్ల బండి నడకకి తేడా ఏమీ రాదు.

రెండోది ప్రాణాలకి సంబంధించింది. 2021 జూలై 5 నుంచి 2023 ఫిబ్రవరి 15 వరకు తయారైన ఎస్‌ప్రెస్సో, ఈకో బండ్లు కలిపి 87,599. వాటి స్టీరింగ్ టై రాడ్‌లో ఒక భాగం లోపంతో ఉండొచ్చని, అరుదుగా విరగొచ్చని 2023 జూలైలో కంపెనీయే చెప్పి, ఉచితంగా మారుస్తామంది. మీరు స్టీరింగ్ తిప్పితే ఆ తిప్పుడుని ముందు చక్రానికి చేర్చే కడ్డీ అది. మలుపులో అది విరిగితే చక్రం మీ మాట వినదు. అన్ని బండ్లలో విరుగుతుందని కాదు, జాబితాలో ఉన్న బండికి చూపించుకోవాలి, అంతే.

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. రీకాల్ కబురు కంపెనీ రికార్డులో ఉన్న యజమానికి వెళ్తుంది. ఆయన ఫోన్ నంబరు మార్చుకున్నా, బండి అమ్మేసినా, పట్టించుకోకపోయినా ఆ కబురు అక్కడే ఆగిపోతుంది. రెండో చేతికి, మూడో చేతికి వచ్చినవాళ్ళకి అది తెలిసే దారి లేదు, వాళ్ళే వెళ్ళి అడగాలి. రీకాల్ ఛాసిస్ నంబరుతో ముడిపడి ఉంటుంది, మనిషితో కాదు. ఆర్సీలో ఎం ఏ 3 తో మొదలయ్యే 17 అక్షరాల నంబరు ఉంటుంది. దాన్ని మారుతి వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, లేదంటే ఏ మారుతి వర్క్‌షాపుకైనా వెళ్ళి చెప్పండి. మీ బండి జాబితాలో ఉందా, పని అయిందా అన్నది తెలుస్తుంది. అమ్మేవాళ్ళు "అయిపోయిందమ్మా" అంటే సరిపోదు, పని చేసిన కాగితం చూపించమనండి.

ఈ బండి కుదరక ఇంకో ఈకో చూస్తారేమో, అందుకని మిగతావీ రాస్తున్నాను. 2019 నవంబరు 4 నుంచి 2020 ఫిబ్రవరి 25 మధ్య తయారైతే హెడ్‌లైటు మీద ఉండాల్సిన గుర్తు లేదని ఒక రీకాల్. 2022 డిసెంబరు 8 నుంచి 2023 జనవరి 12 మధ్య తయారైతే ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ చూపించుకోవాలి, అందులో ఈకోతో పాటు వేరే మోడళ్ళూ ఉన్నాయి. ఈ ఎయిర్‌బ్యాగ్ పని మాత్రం వదలకూడదు.

ఇక అరుగుదల. ఈకోకి ఇంజిన్ ముందు సీట్ల కింద, రేడియేటర్ ముందు భాగంలో ఉంటాయి. బానెట్ ఎత్తి రోజూ చూసే అలవాటు పోతుంది, అందుకే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గినా ఎవరూ గమనించరు. తెల్లవారే వెళ్ళండి. మీరు వెళ్ళేవరకు స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్ళకి ముందు రోజే చెప్పండి. సీటు ఎత్తించి ఆయిల్ మూత తీసి చూడండి. మూత వెనక పాల మీగడలా తెల్లగా, ఎక్కువగా ఉంటే నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయేమోనని అనుమానించాలి, హెడ్ విప్పాల్సి రావొచ్చు. కూలెంట్ రంగు కలిపిన నీళ్ళలా శుభ్రంగా ఉండాలి, తుప్పు నీళ్ళలా ఉంటే ఎవరో బోరు నీళ్ళు పోసి నడిపారన్నమాట. తర్వాత ఏసీ వేసి, నలుగురిని ఎక్కించుకుని ఏదైనా ఎత్తు మీదికి నడపండి. సాఫు రోడ్డు మీద ఏ బండైనా బాగానే ఉంటుంది.

ఇది వెనక చక్రాలు లాగే బండి. గేర్ బాక్సు నుంచి వెనక హౌసింగ్ (వెనక చక్రాలని తిప్పే గేర్లుండే డబ్బా) దాకా పొడుగు షాఫ్టు ఉంటుంది. గేరు వేసి క్లచ్ వదలగానే కింద "టంగ్"మంటే షాఫ్టు జాయింట్లు అరిగాయి. యాభై, అరవై వేగంలో వెనక నుంచి మూలుగు వినిపించి, కాలు తీస్తే మూలుగు మారితే హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ అనే గేర్ల పని ఉంది. జాయింట్ల పని చిన్నది, క్రౌన్ పని మాత్రం ధరలో బాగా తగ్గించుకోవాల్సిన ఖర్చు.

అన్నిటికన్నా ఎక్కువగా నేను బతిమాలేది వెనక చక్రాల సంగతి. ఆరేళ్ళ కిందట మా బావ ఒక పాత వ్యాన్ కొన్నాడు, ఏ కంపెనీదైతేనేం. అల్లం బస్తాలు వేసుకుని పొట్టంగి నుంచి సాలూరు దిగుతున్నాడు. యాక్సిల్ ఆయిల్ సీల్ అరిగి గేర్ ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి కారి, బ్రేకు పట్టించే లైనర్లు నూనెలో నానిపోయాయి. ఒక పక్క చక్రం పట్టింది, రెండో పక్కది పట్టలేదు. బండి అడ్డం తిరిగి గోడ రాయికి కొట్టుకుని ఆగింది. మనిషికి భుజం విరిగింది, అంతటితో బయటపడ్డాడు. ఆ సీల్ ఖరీదు వందల్లోనే ఉంటుంది. కొనే రోజు నేను పక్కన ఉండి కూడా, చక్రం లోపలి వైపు తడిగా ఉందా లేదా అని వంగి చూడలేదు. ఇప్పటికీ అది నన్ను పీకుతూనే ఉంటుంది. కాబట్టి అమ్మా, వెనక రెండు చక్రాల లోపలి అంచులు టార్చి వేసి చూడండి. నల్లటి తడి మడ్డి కనిపిస్తే డ్రమ్ములు విప్పించకుండా డబ్బులు ఇవ్వకండి.

పక్క తలుపు జరిపినప్పుడు గరగరమంటే రోలర్లు అరిగాయి, అది పెద్ద విషయం కాదు. ఆ తలుపు కింద పట్టీ, నేల మ్యాట్ల అడుగు మాత్రం ఎత్తి చూడండి, తుప్పు అక్కడే మొదలవుతుంది. వెనక స్ప్రింగులు కుంగి బండి వెనక్కి వాలి ఉంటే దాని మీద చాలా బరువు మోశారని అర్థం. పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయి మీటరు 61 వేలే చూపిస్తే నమ్మకండి, వర్క్‌షాపులో సర్వీసు రికార్డు తీయించండి.

ఇన్నోవా గొప్ప బండి, కాదనను. కానీ ఆ డీజిల్ ఇంజిన్‌కి 1.5 లక్షల కిలోమీటర్లకి టైమింగ్ బెల్టు మార్చాలి. మార్చకుండా తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని ఇంజిన్ పోతుంది. 2005 ఫిబ్రవరి నుంచి 2008 డిసెంబరు మధ్య తయారైన 44,989 ఇన్నోవాలకి స్టీరింగ్‌లోని స్పైరల్ కేబుల్ గురించి 2014లో రీకాల్ కూడా ఉంది. ఆ కేబుల్ దెబ్బతింటే డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ పని చేయకపోవచ్చు. మీ ఆయన చూసిన బండికి పని అయిందో లేదో అడగాలి. బట్టల మూటలకి, సంతలకి నా ఓటు ఈకోకే.


పర్లాకిమిడి మాస్టారు:

మేస్త్రి గారు బండి సంగతి చెప్పారు, నేను కాగితాల సంగతి చెబుతాను. పాతపట్నంలో కొని ఇక్కడికి మార్చుకున్నవాణ్ణి.

ముందు ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి, యజమాని పేరు, ఇన్సూరెన్సు, అప్పు ఏదైనా ఉందా చూడండి. అప్పు ఉంటే బ్యాంకు కాగితంతో పాటు ఫారం 35 ఇప్పించుకోవాలి. తర్వాత ఆంధ్రా ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), అమ్మకానికి ఫారం 29, 30. ఎన్‌వోసీకి ఛాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు తీస్తారు. అప్పుడే ఆ అచ్చునీ ఆర్సీనీ అక్షరం అక్షరం పోల్చుకోండి. బండి ఒడిశాలో పన్నెండు నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరు వేయించుకోవడం తప్పనిసరి. రాయగడ అయితే ఓడీ 18 వస్తుంది. ఒడిశాలో రోడ్డు పన్ను మళ్ళీ కట్టాలి, ఆ మొత్తం ముందే కనుక్కుని బేరంలో కలుపుకోండి. ఆంధ్రాలో కట్టిన పన్నులో మిగిలిన భాగం తిరిగి అడగొచ్చు. ఇన్సూరెన్సు పేరు మార్పుకి పద్నాలుగు రోజుల్లోపు దరఖాస్తు పెట్టండి.

2008 ఇన్నోవాకి పదిహేనేళ్ళు దాటాయి. ఆర్సీ రెన్యువల్ అయిందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.


రాయగడ కోడలు:

ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న తెల్లవారే మా ఆయనా నేనూ వెళ్ళాం. మేస్త్రి గారు రాసిందంతా కాగితం మీద ఎక్కించుకుని వెళ్ళాను.

ఛాసిస్ నంబరు కొడితే టై రాడ్ రీకాల్ జాబితాలో ఉందని వచ్చింది. అమ్మే ఆయన ఆ పని 2023 ఆగస్టులోనే చేయించారట, వర్క్‌షాపు కాగితం చూపించారు. నంబరు ఆర్సీతో సరిపోయింది. ఆయిల్ మూత శుభ్రంగా ఉంది. కూలెంట్ కొంచెం తక్కువగా ఉంది గానీ తుప్పు లేదు. మా తమ్ముణ్ణీ ఇంకో ఇద్దరినీ ఎక్కించుకుని కొమరాడ దాకా వెళ్ళొచ్చాం, వేడెక్కలేదు. గేరు వేసినప్పుడు "టంగ్" అన్న చప్పుడు మాత్రం వినిపించింది. కుడి వెనక చక్రం లోపల మీరు చెప్పినట్టే నల్లటి తడి కనిపించింది. నా గుండె జారిపోయింది.

ఆయన మంచి మనిషి, "నేనెప్పుడూ వంగి చూడలేదమ్మా" అన్నారు. 3 లక్షల 90 వేలకి బదులు 3 లక్షల 68 వేలకి దిగారు. ఆ ధరకి తీసుకుని మేమే బాగుచేయించుకోవాలా, లేక ఆయన్నే చేయించి ఇమ్మనాలా?


సిమిలిగుడ మేస్త్రి:

ధర తగ్గించుకుని మీరే చేయించండి. అమ్మేవాళ్ళు చేయిస్తే సీల్ మార్చి, నూనెలో నానిన లైనర్లని పెట్రోలుతో తుడిచి మళ్ళీ బిగించేస్తారు. అలా చేయనివ్వకండి, నానిన లైనర్ మళ్ళీ పట్టదు. రెండు వైపులా సీళ్ళు, రెండు వైపులా లైనర్లు కొత్తవి వేయించండి, ఒక్క పక్క మారిస్తే బ్రేకు ఒక పక్కకే లాగుతుంది. యాక్సిల్ బేరింగు ఆడుతోందేమో అప్పుడే చూడమనండి, బేరింగు ఆడితే కొత్త సీలూ నెలలో కారుతుంది. హౌసింగ్‌లో గేర్ ఆయిల్ ఎంత మిగిలిందో చూసి కొత్తది పోయించండి. అదే రోజు షాఫ్టు జాయింట్లు మార్పించి, బ్రేక్ ఆయిల్ కూడా మార్చమనండి.

పార్వతీపురంలోనే చేయించి, ఖాళీ బండితో నాలుగైదు సార్లు గట్టిగా బ్రేకు తొక్కి చూసి, అప్పుడు రాయగడ తీసుకురండి. మీ అత్తగారిని ఎక్కించేది ఆ తర్వాతే. పాత లైనర్లు మీ చేతికి ఇమ్మని అడగండి, ఫోటో తీసి ఇక్కడ పెడితే ఎంత నానాయో చూసి చెబుతాను.