అప్‌డేట్: మంటలొచ్చి బంద్ అయిన పార్కు ట్రైన్, కారణం దొరికింది

హన్మకొండ దగ్గర మా బావ వాళ్ల పార్కుల పిల్లల ట్రైన్ ఇంజన్ సీటు కింద మంటలొచ్చి రైడ్ బంద్ పెట్టినం, కారణం ఏమై ఉంటదని ఇక్కడ అడిగిన కదా, మళ్ల నడుస్తుంది ఇప్పుడు. జవాబులిచ్చిన అన్నలందరికి థ్యాంక్స్.

ఎక్కువమంది బ్యాటరీలనే అనుమానపడ్డరు, కొందరు మోటర్ అన్నరు, రెండూ కావు. "ముందు కేబుల్ లగ్గులు (కేబుల్ చివర నట్టుతోని బిగించే లోహపు కొసలు) చూడు" అని ఒక అన్న రాసిండు, అదే నిజమైంది. ఎలక్ట్రీషియన్ విప్పి చూస్తే బ్యాటరీల నుంచి, మోటర్ కరెంటును అదుపు చేసే కంట్రోలర్‌కి పోయే లగ్గు నట్టు పట్టాల అదురుకు లూజైంది, అక్కడ రెసిస్టెన్స్ పెరిగి వేడెక్కి ఇన్సులేషన్ అంటుకుంది. మరి ఫ్యూజ్ ఎందుకు పోలేదంటే, కరెంటు ఎక్కువైతేనే ఫ్యూజ్ పోతది, లూజ్ జాయింటుతోని కరెంటు పెరగదు, ఆ ఒక్కచోట వేడే పెరుగుతది. పెద్ద ఫ్యూజ్ వేయమన్న సలహా మాత్రం దయచేసి ఎవ్వరు పాటించకుర్రి.

కేబుల్, లగ్గులు కొత్తవి వేసి గట్టిగ క్రింపింగ్ (లగ్గును కేబుల్ మీద నొక్కి బిగించుడు) చేయించినం, నట్లకు స్ప్రింగ్ వాషర్లు పెట్టినం. లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఛార్జింగప్పుడు హైడ్రోజన్ వదులుతయి కాబట్టి బ్యాటరీల పెట్టెకు పైన గాలి రంధ్రాలు కూడ కొట్టించినం, మంటకు దానికి సంబంధం లేకున్నా. రోజు పిల్లల్ని ఎక్కించే ముందు ఖాళీగ తిప్పి లగ్గుల వేడి టెంపరేచర్ గన్‌తోని చూస్తున్నం.