పదో తరగతి అబ్బాయి, అర్ధరాత్రి ఫోను

ప్రశ్న (మధురవాడ నుంచి ఒక తల్లి): పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి రాత్రి 11 దాటాక దుప్పటి కింద రీల్స్ చూస్తూ దొరికిపోతున్నాడు. అడిగితే "ఇదొక్కటే అమ్మా" అంటాడు, ఆ ఒక్కటి ఒంటిగంట దాకా సాగుతుంది. ఇది వ్యసనమా, నిగ్రహం లేకపోవడమా?

జవాబు (గాజువాక, ఉపాధ్యాయుడు): వ్యసనమనే మాట తొందరపడి వాడకండి. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మత ఉంది గానీ, రీల్స్ చూడటమనేది అందులో లేదు. ఆ రుగ్మతకైనా అదుపు తప్పడం, నష్టం తెలిసినా మానలేకపోవడం వంటి లక్షణాలు సాధారణంగా 12 నెలల పాటు కనిపించాలి. తమాయించుకోవడానికి తోడ్పడే మెదడు ముందు భాగం దాదాపు 25 ఏళ్ల వరకూ ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి, అంతులేకుండా వచ్చిపడే వీడియోల ముందు పిల్లవాణ్ణి ఒంటరిగా వదిలి, నిగ్రహం లేదని నిందించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

జవాబు (ఎంవీపీ కాలనీ): మా ఇంట్లో తొమ్మిదిన్నరకు అందరి ఫోన్లూ వంటింట్లో మిక్సీ పక్కన ఛార్జింగుకు పెడతాం. మొదటి వారం అమ్మాయి అలిగింది. నిజం చెప్పాలంటే నాకే ఎక్కువ కష్టమైంది. అలారం సాకు చెబుతుందని పూర్ణా మార్కెట్లో గడియారం కొన్నాం.

ప్రశ్న అడిగిన తల్లి: మావాడి సాకూ అదేనండి. ఈ ఆదివారమే కొంటాను.