అనుమానపు పక్షిలో ఆ పక్షి ఎవరు?

అక్షరబాటసారి:
చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు ఒక మాట అనేవారు. "అనుమానానికి ఉండేది పక్షమే, పక్షి కాదు" అనో, "పక్షం లేని అనుమానమే పక్షి" అనో. సరిగ్గా గుర్తు రావడం లేదు. రెండు రోజులుగా అదే తొలుస్తోంది. ఎవరినీ నమ్మనివాణ్ణి అనుమానపు పక్షి అంటాం కదా, ఆ పక్షి ఎక్కణ్ణుంచి వచ్చి వాలింది?

తర్కపాఠి:
మీ మాస్టారు తర్కం చదివి ఉంటారు. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది అని తేల్చడమే తర్కంలో అనుమానం. నిప్పు ఉందో లేదో తేల్చాల్సిన చోటు, అంటే ఆ కొండే, పక్షం. తర్కసంగ్రహం అనే తర్కగ్రంథంలో "సందిగ్ధసాధ్యవాన్ పక్షః" అన్నాడు, తేల్చాల్సినది ఉందో లేదో అని సందేహం ఉన్న చోటే పక్షం అని. అంటే సందేహం పక్షంలోనే ఉంది. ఆ పక్షం కలవాడు పక్షి. ఇది శాస్త్రంలోంచి జనంలోకి వచ్చిన మాటేనని నా నమ్మకం.

పాతవ్యాకరణం:
అలాగైతే 'అనుమానపక్షి' అనాలి కదండీ? మనం అనేది 'అనుమానపు'. ఆ 'పు' ఉందంటే సరసపు మాట లాంటి తెలుగు సమాసం, జనం నోట పుట్టింది. పిచ్చి పక్షి, ఒంటి పక్షి అంటాం. వాటిలో ఏ తర్కం ఉంది?

తర్కపాఠి:
సరసము కూడా సంస్కృతం నుంచి వచ్చిన తత్సమమే కదా! 'పు'తో తేలేది రెండు మాటల్ని తెలుగువాళ్ళు అతికారని మాత్రమే. పక్షి ఎక్కడిదో దానితో తేలదు.

మాటలమూట:
నన్ను ఆపేది పక్షి కాదు, అనుమానం. సంస్కృతంలో అది ఒక ప్రమాణం, అంటే నిజం తెలుసుకునే సాధనం. హిందీలో ఇప్పటికీ అంచనా అనే అర్థం. తెలుగులో, కన్నడంలో శంక అయి కూర్చుంది. కంటితో చూడకుండా గుర్తులు పట్టుకుని తేల్చడం రెండింటిలోనూ ఉంది, అందుకే అర్థం ఇటు జరిగిందనుకుంటాను. గీతలో "సంశయాత్మా వినశ్యతి" (సంశయించేవాడు నశిస్తాడు) అన్నది వేరే మనిషి గురించి. సంశయాత్ముడు ఏదీ తేల్చుకోలేడు. అనుమానపు పక్షి ముందే తేల్చేసుకుని, ఆ తర్వాత పొగ కోసం వెతుకుతాడు.

భాగవతప్రియ:
ఈ తేడా పోతన దగ్గర చూడండి. "కలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో" అన్న గజేంద్రుణ్ణి ఎవరైనా అనుమానపు పక్షి అంటారా? ఆ కందంలో 'కల' ఆరుసార్లు వస్తుంది, 'లే' ఒక్కసారే. వెంటనే వచ్చే సీసంలో "కలుగఁడే నాపాలి కలిమి సందేహింప" అంటాడు. సందేహమే, అనుమానం కాదు. నమ్మకం ఉన్నవాడికే అలాంటి సందేహం వస్తుంది. ఆ పద్యం ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది.

పాతవ్యాకరణం:
అక్కడి బరువంతా ఆ 'ఓ' మీదే ఉందండీ. ఏమో, ఎవరో, ఎందుకో... తెలుగులో సందేహానికి అదే అక్షరం. నన్నడిగితే 'పు' కన్నా దాని గురించే మాట్లాడుకోవాలి.

తర్కపాఠి:
'పు' సంగతి వదిలేశారంటే నా మాట ఒప్పుకున్నట్టే కదా?

పాతవ్యాకరణం:
లేదండీ, ఒప్పుకోలేదు.

అక్షరబాటసారి:
మాస్టారు ఆ పద్యం చదివేటప్పుడు 'కలఁడో' దగ్గర చాలాసేపు ఆగేవారు. ఆ ఆగడం బాగా గుర్తుంది. పక్షం మాట మాత్రం ఇంకా గుర్తు రావడం లేదు.