పూతరేకుల దుకాణానికి డొమైన్: ఊరి పేరుతోనా, ఇంటిపేరుతోనా?

గోదావరి గట్టు:
మాది ఆత్రేయపురంలో పూతరేకులు చేసి అమ్మే కుటుంబం. ఇన్నాళ్లూ ఫోను మీద, వాట్సాప్ మీద ఆర్డర్లు తీసుకున్నాం. హైదరాబాదుకూ బెంగళూరుకూ పార్సిళ్లు పెరగడంతో ఇప్పుడు వెబ్‌సైటు పెట్టాలనుకుంటున్నాం, కానీ డొమైన్, అంటే సైటు చిరునామా పేరు, దగ్గర ఇంట్లో మాట కలవడం లేదు. ఊరి పేరూ స్వీటు పేరూ కలిసిన డాట్ కామ్ ఒక బ్రోకరు చేతిలో ఉంది. అతను చెప్పే ధర మాకు భారమే అయినా అదే కొనాలని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. నాన్నగారి కాలం నుంచి డబ్బాల మీద వేస్తున్న ఇంటిపేరు చాలని నా అభిప్రాయం. ఆ పేరుతో డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ మామూలు ధరకే దొరుకుతున్నాయి. తెలిసినవారు చెప్పగలరు.

సెర్చ్ సంగతులు:
మీ తమ్ముడి వాదనను తేలిగ్గా తీసేయకండి. పూతరేకులు కావలసినవారు గూగుల్‌లో ఊరి పేరు, స్వీటు పేరు కొడతారు గానీ మీ ఇంటిపేరు కొట్టరు. చిరునామా చూడగానే సరుకేమిటో, ఎక్కడిదో తెలిస్తే కొత్తవారికి నమ్మకం కలుగుతుంది. మీరు వదిలేస్తే ఆ డొమైన్‌ను మీ పోటీదారులు కొనుక్కుంటారు.

న్యాయవాది, రాజమహేంద్రవరం:
ఆ డొమైన్‌ను కొనగలరు గానీ ఆ పేరును కాపాడుకోలేరు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం, సరుకు రకాన్నో అది పుట్టిన చోటునో మాత్రమే చెప్పే పేరుకు, వాడుక వల్ల ప్రత్యేక గుర్తింపు వచ్చిందని రుజువు చేస్తే తప్ప, రిజిస్ట్రేషన్ దొరకదు. పైగా ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది కాబట్టి ఆ పేరు అక్కడి తయారీదారులందరి ఉమ్మడి సొత్తు. బ్రోకరుకు ఎంత పోసినా, రేపు పక్క దుకాణం వారు అదే పేరుకు ఒక మాట తగిలించి ఇంకో డొమైన్ తీసుకుంటే మీరు అడ్డుకోలేరు.

మన దేశంలో డొమైన్ పేర్లకంటూ ప్రత్యేక చట్టం లేదు. 2004లో సత్యం ఇన్ఫోవే అనే ఇంటర్నెట్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు, డొమైన్ పేరు కూడా వ్యాపార గుర్తేననీ, ఒకరి సరుకును మరొకరిదిగా చలామణీ చేయడాన్ని ఆపే సూత్రమే దానికీ వర్తిస్తుందనీ తేల్చింది. ఆ సంస్థ 1999 నుంచి సిఫీ పేరుతో డొమైన్లు నడుపుతుండగా, ప్రతివాది ఒక ఎఫ్ అదనంగా చేర్చి సిఫ్ఫీ పేరుతో మొదలుపెట్టాడు. కర్ణాటక హైకోర్టులో ఓడినా చివరకు సత్యం ఇన్ఫోవేయే గెలిచింది. సిఫీ అనేది కంపెనీ తన పేరులోంచే అల్లుకున్న మాట కావడం, దాన్ని ముందు నుంచీ వాడుతుండడం ఆ కేసుకు ప్రాణం. మీకు ఆ రెంటితో సరితూగేది మీ ఇంటిపేరే. నాన్నగారు డబ్బాలు అచ్చు వేయించిన ప్రెస్సు బిల్లులు, పాత లేబుళ్లు దాచి ఉంచండి. కోర్టులో వాటికున్న విలువ బ్రోకరు రసీదుకు ఉండదు.

సెర్చ్ సంగతులు:
అలాగైతే నౌకరీ డాట్ కామ్ మాటేమిటి? నౌకరీ అంటే ఉద్యోగమే కదా. మధ్యలో ఒక ఏ అక్షరం చేర్చి డొమైన్ పెట్టిన వారిని 2002లో ఢిల్లీ హైకోర్టు ఆపింది.

న్యాయవాది, రాజమహేంద్రవరం:
నిజమే, కానీ ఆ రక్షణ పేరు కొన్నందుకు రాలేదు. వాడకం వల్ల, ప్రచారం వల్ల జనం ఆ మాటను ఒక సంస్థకు ముడిపెట్టుకున్నాకే వచ్చింది. మీరు ఆ స్థితికి చేరేలోగా మీ ఊళ్లోని మిగతా దుకాణాలన్నీ అదే పేరును హక్కుగా వాడుతూనే ఉంటాయి. ఇంటిపేరును మిఠాయిలు వచ్చే 30వ తరగతిలో ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించండి. వ్యక్తులకూ చిన్న పరిశ్రమలకూ ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 4,500 రూపాయలు, రక్షణ పదేళ్లు. ఆ కాగితం ఉంటే, ఎవరైనా మీ పేరుతో దురుద్దేశంగా డాట్ ఇన్ తీసుకున్నప్పుడు డాట్ ఇన్ పేర్లను నిర్వహించే నిక్సీ నియమించే మధ్యవర్తి ముందు మీ వాదన బలపడుతుంది. డాట్ కామ్ వివాదాన్ని ప్రపంచ మేధో సంపత్తి సంస్థ అయిన వైపోకు తీసుకువెళితే ఏకసభ్య ప్యానెల్ రుసుమే 1,500 డాలర్లు.

వెబ్ పనివాడు:
పై చర్చలో ఒక సంగతి రాలేదు. పూతరేకులు అన్న మాటనే ఇంగ్లీషులో యూ ఒకటి పెట్టి కొందరు, ఓ రెండు పెట్టి కొందరు రాస్తారు. త దగ్గర హెచ్ చేర్చేవారు సగం, చేర్చనివారు సగం. ఈ లెక్కనే నాలుగు రూపాలు తేలాయి, బ్రోకరు అమ్మేది అందులో ఒకటి మాత్రమే.

అంతకన్నా ముఖ్యమైనది, డొమైన్ ఎవరి పేరున ఉంటుందన్నది. చిన్న దుకాణాలు పేరు పోగొట్టుకునేది దొంగల వల్ల కన్నా, సైటు చేసిన కుర్రాడి ఈమెయిల్ మీద డొమైన్ బుక్ చేయించుకోవడం వల్లనే ఎక్కువని, ఈ పనిలో ఉన్నవాడిగా బాధతో చెబుతున్నాను. అతను ఊరు మారినా, ఫోను ఎత్తకపోయినా, రెన్యూవల్ గుర్తుచేసే మెయిల్ మీకు చేరదు. గడువు దాటిన డాట్ కామ్‌ను రిజిస్ట్రార్, అంటే డొమైన్లు నమోదు చేసే సంస్థ, తొలగించాక, అదనపు రుసుముతో విడిపించుకోవడానికి 30 రోజులే ఉంటాయి. ఆపై మరో 5 రోజులకు అది ఎవరైనా కొనుక్కోగలిగే పేరు. కాబట్టి రిజిస్ట్రార్ ఖాతా మీ ఈమెయిల్‌తో, మీ ఫోను నంబరుతో తెరిచి, పేరు వేరేచోటికి మారకుండా ట్రాన్స్‌ఫర్ లాక్ వేసి, సైటు చేసేవారికి కావలసినంత వరకే అనుమతి ఇవ్వండి.

సెర్చ్ సంగతులు:
బ్రోకరుకు అంత డబ్బు పోయవద్దని ఒప్పుకుంటున్నాను. పేరులో సరుకు మాట ఉన్నంత మాత్రాన పైకి లేచే నాసిరకం సైట్లను గూగుల్ 2012లోనే కిందికి దించిన మాటా వాస్తవమే. అయినా ఆ నాలుగు రూపాల్లో ఏదైనా మామూలు ధరకు దొరికితే కొని, ఇంటిపేరు సైటుకు మళ్లించండి. ఆత్రేయపురం అన్న మాట డబ్బా మీద ఉన్నట్టే సైటు మొదటి పేజీలోనూ పెద్ద అక్షరాలతో ఉండాలన్న నా మాటను మాత్రం మార్చుకోను. ఆ భౌగోళిక గుర్తింపు కింద అధీకృత వాడకందారుగా మీరు నమోదు చేయించుకుంటే ఆ మాట వాడుకునే హక్కుకూ ఆధారం దొరుకుతుంది.