ఉత్తరం గోడ కాడి కుండీల ఆకులు తెల్లబడుతున్నయి, వేపకింద మిర్చి పూయదు – ఏం చెయ్యాలె?

ప్రశ్న (నల్లగొండ):
ఇంటికి ఉత్తరం దిక్కు నీడ ఉంటదని మనీప్లాంటు, స్పైడర్ ప్లాంటు కుండీలు గోడ వెంబడి పెట్టినం. చలికాలమంతా మంచిగున్నయి. మే నెల నడుమకొచ్చేసరికి మనీప్లాంటు ఆకుల మీద తెల్లటి మచ్చలు పడి కాగితం లెక్క ఎండినయి. స్పైడర్ ప్లాంటు ఆకుల కొసలు మాడినట్టు గోధుమ రంగుకొచ్చినయి. వేపచెట్టు కింద కుండీల్లో ఉన్న మిర్చి మొక్కలు పొడుగ్గా సాగినయి గని పూత లేదు. బోరు నీళ్లే పోస్తున్నం. ఏ మందు కొట్టాలె?

జవాబు (మహబూబ్‌నగర్):
మందు వద్దక్కా. ముందు మనీప్లాంటు సంగతి. నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే 8 అటుఇటుగా మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాక మధ్యాహ్నం కూడా కొంచెం ఉత్తరానికే ఉంటడు, ఈశాన్యంల పొడిచి వాయవ్యంల కుంకుతడు. అంటే మీ ఉత్తరం గోడకు పొద్దున, సాయంత్రం రెండు పూటలా ఎండే. డిసెంబర్‌లో అయితే 10 అడుగుల గోడ మధ్యాహ్నం ఎనిమిదిన్నర అడుగుల నీడ ఇస్తది. చలికాలం చూసి ఎంచుకున్న చోటు ఎండాకాలం పనికిరానిది ఇందుకే.

నీడల పుట్టిన ఆకు వెడల్పుగా, పలుచగా, ముదురు రంగుల ఉంటది. ఎండల పుట్టింది చిన్నగా, మందంగా ఉంటది. ముదిరిన ఆకు ఇగ మందం కాదు, కొత్త చిగురే ఎండకు తగ్గట్టు వస్తది. దగ్గరికి పోయి చూడండి: ఆకాశం దిక్కున్న ఆకే కాలి ఉంటది, దాని మీద ఇంకో ఆకు కప్పిన చోట ఆ ఆకు అంచు అచ్చు గుద్దినట్టు పచ్చగనే మిగిలి ఉంటది. రోగమైతే అట్ల గీత గీసినట్టు ఆగదు. తెల్లబడ్డ భాగం మళ్ల పచ్చబడదు, కానీ సగం కంటే ఎక్కువ పచ్చదనం ఉన్న ఆకును తుంచకండి.

కుండీలను రెండు పూటలా ఎండ తగలని వరండా లోపలికి జరపండి. జాగ లేకుంటే సగం ఎండను ఆపే 50 శాతం గ్రీన్ నెట్ ఏడెనిమిది అడుగుల ఎత్తుల, గాలాడేటట్టు కట్టి, పడమర దిక్కు కిందికి వేలాడదీయండి. నల్ల నెట్ వేడిని పీల్చుకుంటది, వద్దు.

జవాబు (దేవరకొండ):
స్పైడర్ ప్లాంటుది ఎండ తప్పు కాకపోవచ్చు. దాన్ని ఇంట్లో నీడకు పెట్టినా కొసలే మాడితే కారణం నీళ్లే. మన జిల్లా బోర్లల్ల ఫ్లోరైడ్, ఉప్పు ఎక్కువ. స్పైడర్ ప్లాంటు, డ్రసీనా ఫ్లోరైడ్‌ను అస్సలు తట్టుకోవు, అది ఆకు కొసకు చేరి అక్కడనే పేరుకుంటది. వాననీళ్లు పట్టి పోయండి, లేదంటే మిషన్ భగీరథ నల్లా నీళ్లు. నెలకొకసారి కుండీ పరిమాణానికి రెండింతల మంచి నీళ్లు మెల్లగా పోసి, కింద నుంచి పూర్తిగా కారనియ్యండి. కింది పళ్లెంల నిలిచిన నీళ్లు పారబోయాలె. ఈ మొక్కకు సూపర్ ఫాస్ఫేట్ వెయ్యకండి, అందుల కూడా ఫ్లోరైడ్ ఉంటది.

ప్రశ్న (నల్లగొండ):
మరి మిర్చికి? దానికి కూడా 50 శాతం నెట్ కట్టనా?

జవాబు (మహబూబ్‌నగర్):
మిర్చికి అది ఎక్కువ, కట్టాలనుకుంటే 35 శాతం తీసుకోండి. నెట్ మీద రాసే శాతం ఆపే వెలుగుది, వదిలే వెలుగుది కాదు. మిర్చి పూయాలంటే రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ కావాలె. వేపకింద వెలుగు చాలకనే కణుపుకూ కణుపుకూ నడుమ ఎడం పెరిగి తీగ లెక్క సాగింది. ఇప్పుడే తీసి ఎండల పెడితే మనీప్లాంటు గతే పడతది. రోహిణి కార్తె పోనియ్యండి. 35 డిగ్రీలు దాటిన ఎండల పూత వచ్చినా నిలిచేది తక్కువ. మృగశిర వచ్చి వానలు పడ్డంక తల తుంచి, మొదటి మూడు రోజులు పొద్దుటి ఎండ ఒక గంట, తర్వాత రెండు రోజులకొక గంట చొప్పున పెంచుకుంట పోండి. రెండు వారాలకు పూర్తి ఎండకు అలవాటైతది. నర్సరీల నెట్ కింద పెరిగిన మొక్క కొన్నా ఇదే పద్ధతి.

ప్రశ్న (నల్లగొండ):
మధ్యాహ్నం ఆకుల మీద నీళ్లు చల్లుతున్నం, మంచిదేనా?

జవాబు (దేవరకొండ):
బోరు నీళ్లయితే మానెయ్యండి. నీళ్లు ఆరిపోయి ఉప్పు ఆకు మీద తెల్లగా పొరకడతది. మీరు చెప్పిన మచ్చల్ల కొన్ని అవే కావచ్చు. తడిబట్టతోటి తుడిచి చూడండి: పోతే ఉప్పు, పోకుంటే ఎండదెబ్బ. నీళ్లు పొద్దున 7 లోపు మొక్క మొదట్లనే పోసి, మట్టి మీద రెండు అంగుళాల మందం వరిగడ్డి గానీ పల్లీ పొట్టు గానీ పరవండి. కాండానికి మాత్రం ఆనకుండా చూడండి, ఆనితే మొదలు కుళ్లుతది.