చెట్టుకప్పలు: తెల్లని వెలుగులోనూ అతినీలలోహిత కాంతిలోనూ ఫొటోలు

గుణుపురం వాసి:
వానలు మొదలయ్యాక మా ఇంటి గోడల మీదికి చెట్టుకప్పలు వస్తున్నాయి. నకిలీ నోట్లను గుర్తించే చవక అతినీలలోహిత టార్చితో ఒకదాన్ని ఫొటో తీస్తే ఒళ్లంతా ఊదా రంగులో వచ్చింది. అది కప్ప చర్మం వెలువరించిన కాంతేనా? అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.

పర్లాకిమిడి కెమెరా:
గుణుపురం వారికి నమస్కారం. ఆ ఊదా రంగు టార్చిదే అయి ఉంటుంది. అటువంటి టార్చీలు సాధారణంగా 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగుతాయి, అందులో కంటికి కనిపించే ఊదా కాంతి కూడా కలిసి ఉండి, చర్మం మీద పడి నేరుగా కెమెరాలోకి తిరిగి వస్తుంది. చర్మం తన మీద పడిన కాంతిని గ్రహించి తిరిగి వెలువరించే వెలుగు, అంటే ప్రతిదీప్తి (ఫ్లోరెసెన్స్), ఆ పడిన కాంతికన్నా ఎక్కువ తరంగదైర్ఘ్యంతో ఉంటుంది కనుక, 365 నానోమీటర్ల టార్చి ముందు కంటికి కనిపించే కాంతిని ఆపే నల్లగాజు ఫిల్టరు, లెన్సుకు అతినీలలోహితాన్ని ఆపే ఫిల్టరు పెట్టి చీకట్లో తీస్తే ఈ రెండూ విడిపోతాయి. మహేంద్రగిరి దిగువ ఊళ్లలో నేను ట్రైపాడ్ కదపకుండా, ఫోకస్ మార్చకుండా, ముందు తెల్లని వెలుగులోనూ వెంటనే అతినీలలోహితంలోనూ తీస్తాను. రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వీపు మీద నీలంగా మెరిసే గీత చర్మానిదో, సబ్బుపొడితో ఉతికిన చొక్కా నుంచి రాలిన నూలుపోగుదో తెలిసిపోతుంది. జత లేని ఒంటి ఫొటోను నేను నమ్మను. పరికరాలు సరిగా ఉన్నాయో లేదో చూడడానికి తేలును మించినది లేదు; ఈ టార్చి వెలుగులో అది ఆకుపచ్చ కలిసిన నీలంగా మెరుస్తుంది.

రాయగడ మాస్టారు:
పర్లాకిమిడి వారి పద్ధతి సరైనదే కానీ, 365 ఒక్కదానితోనే తేల్చవద్దని నా మనవి. 2017లో అర్జెంటీనా పరిశోధకులు ప్రతిదీప్తిని కనుగొన్న దక్షిణ అమెరికా చుక్కల చెట్టుకప్ప, 390 నుంచి 430 నానోమీటర్ల కాంతిని గ్రహించి నీలి ఆకుపచ్చగా వెలుగుతుంది. సంధ్యవేళా రాత్రివేళా దాని నుంచి వచ్చే మొత్తం కాంతిలో 18 నుంచి 29 శాతం ఈ ప్రతిదీప్తేనని వారు లెక్కగట్టారు. 2020లో అమెరికాలో సాలమాండర్ల వంటి ఉభయచరాలను పరిశీలించినవారు 440 నుంచి 460 మధ్యనున్న నీలి కాంతినే ఎక్కువగా వాడారు. కాబట్టి నీలి టార్చితో, లెన్సుకు ఆ నీలాన్ని పూర్తిగా ఆపే పసుపు ఫిల్టరుతో మూడో ఫొటో కూడా తీయండి.

జయపురం నుంచి:
కప్ప చర్మం పలుచన, దాని గుండానే అది నీటిని పీల్చుకుంటుంది. దోమల మందు రాసుకున్న చేతులతో పట్టుకోవద్దు. వీలైతే కూర్చున్న చోటనే తీయండి. టార్చిని కళ్లలోకి కొట్టకుండా, షట్టరు తెరిచి ఉన్నంతసేపే వెలిగించండి. మీరు కూడా అతినీలలోహితాన్ని ఆపే కళ్లద్దాలు పెట్టుకోండి.

గుణుపురం వాసి:
అందరికీ కృతజ్ఞతలు. ఫిల్టర్లు రాగానే అదే గోడ మీద మూడు వెలుగుల్లోనూ తీసి ఇక్కడే పెడతాను.